బర్రె గుండుకు ఒక వెబ్‌సైటు

పొద్దున్న లేవగానే ఆఫీసు ఉందా లేదా, బస్సులు తిరుగుతున్నాయా లేదా అని టీవీ పెట్టి చూసుకునే కాలం ఒకటి ఉండేది. ఇప్పుడు వాన పడుతుందేమోనని ఫోన్‌లో చూసుకుంటున్నాం కదా, అప్పుడు బంద్ ఉందేమోనని అలా చూసుకునేవాళ్ళం. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఆ ఏడాది సైబరాబాద్‌లో కొలువు చేసేవాళ్ళ క్యాలెండరే వేరు. బుధవారం బంద్ అయితే దానికి బదులు శనివారం పని. ఆ శనివారం ఎక్కడో రాస్తారోకో పడితే దానికి బదులు ఇంకో శనివారం. చివరికి మేం పనిచేయాల్సిన శనివారాలు క్యాలెండర్‌లో ఉన్న శనివారాలకంటే ఎక్కువయ్యాయి. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో టెస్టర్‌ని. అంటే వేరేవాళ్ళు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టి, వాటికి నంబర్లు వేసి, వాళ్ళ మొహాన కొట్టడం నా పని. సొంత తప్పులు పట్టుకోవడం ఆ ఉద్యోగంలో లేదు (ఉండి ఉంటే ఈ నాలుగు మాటలు రాసుకునే అవసరం వచ్చేది కాదు).

ఉండేది పుప్పాలగూడలో, ఒక పాత ఇంటి డాబా మీద వేసిన ఒంటిగదిలో. నాతోపాటు మా టీమ్‌లోనే పనిచేసే ఇంకో అమ్మాయి ఉండేది. రాజమండ్రి దగ్గర పల్లె ఆమెది. ఆఫీసంతా ఆమెను 'గోదారి' అనేవాళ్ళు. నాది జనగామ దగ్గర. ఏ మాటైనా 'ఏంది' అనే మొదలుపెడతానని ఆమె నాకు 'ఏంది' అనే పేరు పెట్టేసింది. "ఏందీ, నీళ్ళు కాగాయే, లే" అని పొద్దున్నే లేపేది. గదిలో చేరిన రోజే ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. రాష్ట్రం సంగతి గదిలో ఎత్తకూడదు. ఉంటుందా, విడిపోతుందా, విడిపోతే ఎవరికేం వస్తుంది, ఏదీ వద్దు. వార్తలు చూసుకుంటే ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్ళు పెట్టుకుని చూసుకోవాలి. ఆఫీసులో హెచ్చార్ వాళ్ళు కూడా అలాంటి మెయిలే పంపారు కాబట్టి మాకు మేమే చాలా గొప్పగా అనిపించాం. ఒప్పందాన్ని ఇద్దరం నిజాయితీగా పాటించాం కూడా. కానీ మనసులో ఉన్న ఉడుకు ఎక్కడికి పోతుంది? దానికి ఏదో ఒక దారి కావాలి. ఆ దారి పాపం మా ఓనరమ్మ చూపించింది.

ఓనరమ్మ అరవై దాటిన మనిషి. పుట్టిందీ మెట్టిందీ పుప్పాలగూడలోనే. నేను పెద్దమ్మా అనేదాన్ని, గోదారి మామ్మగారండీ అనేది (మొదట్లో ఆ పిలుపు వినపడితే ఓనరమ్మ వెనక్కి తిరిగి చూసేది, ఇంకెవరినో పిలుస్తోందనుకుని). మేం బట్టలు ఆరేసే తీగ దగ్గర నిలబడితే ఎదురుగా ఖాళీ జాగాలో ఇల్లంత ఎత్తున్న బండరాయి ఒకటి కనిపించేది. మా దిక్కు అలాంటి రాయిని గుండు అంటాం. బర్రె కాళ్ళు ముడుచుకుని పడుకున్నట్టు ఉండేది కాబట్టి దాని పేరు బర్రె గుండు. వీపు మీద ఒక పక్క అద్దంలా నున్నగా ఉండేది. చిన్నప్పుడు బర్లను కాయడానికి వచ్చి, ఓనరమ్మా ఆమె చెల్లెలూ దాని మీద లంగాలు చిరిగేదాకా జారేవాళ్ళట. చిరిగిన లంగాలకు ఇద్దరికీ కలిపి దెబ్బలు పడేవట. ఆ కథ ఆమె మాకు చాలాసార్లు చెప్పింది. మేం చాలాసార్లు సగం చెవితో విన్నాం.

ఎండలు తగ్గి వానలు మొదలవుతున్నప్పుడు, ఒక ఆదివారం ఓనరమ్మ పళ్ళెంలో సర్వపిండి పెట్టుకుని పైకి వచ్చింది. మేం తింటుంటే ఎదురుగా కూర్చుని, "మీరు కంప్యూటర్ల పని జేస్తరు గదా బిడ్డా, నాకొక్క పని జేసి పెట్టుండ్రి" అంది. "గా జాగ ఎవలో బిల్డరు కొన్నడట. నిన్న గుండు మీద ఎర్ర రంగుతోని నంబర్లేసి పోయిండ్రు. ఇయ్యాల్నో రేపో పలగ్గొడ్తరు. నా చెల్లె బొంబాయి దిక్కు భివండిల ఉన్నది, మోకాళ్ళు వట్టుకపోయినయి, లేస్తలేదు. ఇగ ఈడికి ఏం వస్తది? దాని మనుమరాలికి కంప్యూటర్ ఉన్నదట. నెట్టుల పెడితె ఏదైనా కనవడ్తదట గదా. మా గుండును జర నెట్టుల పెట్టుండ్రి. ఒక్కపారి కండ్లార చూసుకుంటది."

(చదివేవాళ్ళు ఈపాటికి అనుకుంటూ ఉంటారు, ఒక ఫోటో తీసి ఆ మనుమరాలికి మెయిల్ చేస్తే అయిపోయేది కదా అని. అయిపోయేది. పది నిమిషాల పని. గోదారి దగ్గర డిజిటల్ కెమెరా ఉంది, గుండు ఎదురుగా ఉంది, ఇద్దరికీ ఇంజనీరింగ్ డిగ్రీలున్నాయి. మెయిల్ చేసే ఆలోచన మాత్రం ఇద్దరిలో ఎవరికీ రాలేదు. బహుశా ఆ డిగ్రీల వల్లే అయి ఉంటుంది.)

ఓనరమ్మ మెట్లు దిగగానే గోదారి, క్లయింట్ ఫోన్ పెట్టేశాక మా మేనేజర్ మాట్లాడే గొంతుతో, "మామ్మగారికి పర్సనల్ వెబ్‌సైటు కావాలంట" అంది. నేను గంభీరంగా తలూపాను. మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ముందు కావలసినవన్నీ రాసుకోవాలి, దాని మీద క్లయింట్ సంతకం తీసుకోవాలి, ఆ తర్వాతే పని. రెండు సాయంత్రాలు కూర్చుని ఆరు పేజీల కాగితం తయారుచేశాం. అందులో 'నా గురించి', 'మా గుండు', 'ఫోటోలు', 'మమ్మల్ని సంప్రదించండి' అని నాలుగు విభాగాలు (ఓనరమ్మను ఎవరు, ఎందుకు సంప్రదిస్తారో మేం ఆలోచించలేదు). ఆఫీసులో ప్రింట్ తీసి, కింద వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తున్న ఆమెకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాం. ఓపిగ్గా విన్నది. గోదారి స్టాంపుప్యాడ్ తీసేసరికి ఆమె కత్తి పక్కన పెట్టేసింది.

"ఏం కాయిదం బిడ్డా గిది?"

"మీకేం కావాలో రాసుకున్నామండీ మామ్మగారూ. ఇప్పుడు చదివాం కదండీ. ఇక్కడ మీరు వేలిముద్రేస్తే మేం పని మొదలెట్టేస్తాం. ఆయ్."

"వేలిముద్రనా? ఒద్దు బిడ్డా. గిట్లనే ఒకడు సదివి ఇనిపిచ్చి ముద్ర ఏపిచ్చుకున్నడు. రోడ్డు అవతల మడి అంత పోయింది. మా ఇంటాయన సచ్చిపోయెటప్పుడు గదే జెప్పిండు, ఏ కాయిదం మీద వేలు పెట్టకు అని. మీరు మంచోళ్ళే, నేను కాదంటలే. వేలు మాత్రం పెట్ట."

పైకి వచ్చి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది. ఒక ఊరు ఊరంతా వేలిముద్రల్లో ఎలా కరిగిపోయిందో ఆమె మా ఎదురుగా కూర్చుని చెప్పింది, మాకు వినపడింది మాత్రం 'సంతకం రాలేదు' అని. మా పనుల పట్టికలో దానికి ఎదురుగా 'క్లయింట్ ఆమోదం కోసం ఆగింది' అని రాసి రెండు వారాలు ఆపేశాం. తర్వాత, నోటిమాట కూడా ఆమోదం కిందికే వస్తుందని మాకు మేమే తీర్మానించుకుని ముందుకు కదిలాం.

ఇక అసలు ప్రశ్న. కోడ్ రాయడం రానివాళ్ళు కూడా సొంతంగా పేజీలు రాసుకుని, ఫోటోలు పెట్టుకుని సైటు నడుపుకోవడానికి కొన్ని సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. ఆఫీసు భాషలో సీఎమ్మెస్ అంటారు. అప్పటికి బాగా వాడుకలో ఉన్నవాటిలో మూడింటిని ఏరాం. వాటి ఇంగ్లీషు పేర్లకు ఓనరమ్మ నోరు తిరగదని మేం రోడ్డు మీద తిరిగే బండ్ల పేర్లు పెట్టాం: ఆటో, సెవెన్ సీటర్, డీసీఎం. ఆటో ఎక్కి కూర్చుంటే చాలు, అదే తీసుకుపోతుంది. పేరు ఇచ్చి నాలుగు బటన్లు నొక్కితే సైటు తయారు. సెవెన్ సీటర్‌లో అన్నీ కలిపి ఇరికించుకోవచ్చు. కొంచెం సర్దుకోవాలి. డీసీఎం వ్యాన్‌లో ఏనుగునైనా ఎక్కించొచ్చు, దేనికి దానికి వేరే అర కట్టుకోవచ్చు, కానీ ముందు డ్రైవింగ్ నేర్చుకోవాలి. కొత్తవాళ్ళకు ఏది సులువో ఎవరినడిగినా ఆటో అనే చెబుతారు. అందుకే ఇద్దరం దాన్ని మొదటిరోజే చిన్నచూపు చూశాం. అంత సులువైనది వాడితే ఇక మేమెందుకు? గోదారి సెవెన్ సీటర్ పక్షం, నేను డీసీఎం పక్షం. ఎక్సెల్‌లో పోలిక పట్టిక మొదలైంది. భద్రత, వేగం, రూపం, తెలుగు, వాడకంలో సులువు, ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులు. ప్రతి సాయంత్రం ఆమె నా మార్కులు తగ్గించేది, నేను ఆమెవి తగ్గించేదాన్ని.

పోట్లాట మార్కుల దగ్గర ఆగలేదు. "అన్నీ ఒకేచోట కలిసుంటే నీకొచ్చిన నష్టమేంటే?" అని గోదారి ఒకరోజు అరిచింది. "ఇన్నాళ్ళూ కలిసే నడిచాయి కదా!"

"కలిసుంటె ఎవలకు లాభం? ఉన్న జాగ అంత పెద్ద పేజీలకే పోతది. చిన్నదాని మొఖం ఎవ్వలు చూడరు. దేనిది దానికి వేరే ఉండాలె" అన్నాను.

"విడగొట్టాక మెయిన్ పేజీ ఎవరికిస్తావ్? అది అందరూ కలిసి కట్టుకుంది. ఏం, నీ ఒక్కదానిదా?"

"మాదే! గుండు ఏడున్నది? పుప్పాలగూడల ఉన్నది! మెయిన్ పేజీ మాదే!"

ఆ మాట వినగానే గోదారి మౌస్ వదిలేసి నా వైపు తిరిగింది. ఆమె, "మనం వెబ్‌సైటు గురించే కదే మాట్లాడుకుంటున్నాం" అంది నెమ్మదిగా. "ఔ, వెబ్‌సైటు గురించే" అన్నాను. ఒప్పందం నిలబడినందుకు ఇద్దరం సంతోషించి చెరో మూలకూ తిరిగి పడుకున్నాం. మా అరుపులు కిందికి వినపడుతూనే ఉండేవి. ఓనరమ్మ వాకిట్లో కూర్చుని పక్కింటివాళ్ళతో, "నా గుండు కోసం పిల్లలు మస్తు లొల్లి పెట్టుకుంటున్నరు, అన్నం గూడ యాళ్ళకు తింటలేరు" అని గొప్పగా చెప్పుకోవడం నేను నా చెవులతో విన్నాను.

కొత్తవాళ్ళకు సులువుగా ఉందో లేదో తేల్చాలంటే కొత్తవాళ్ళతోనే వాడించి చూడాలి కదా. ఆఫీసులోనైతే దానికి మనుషులను పిలిపిస్తారు, మాకు ఓనరమ్మ ఉంది. ఆమెను ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి మౌస్ చేతికిచ్చాం. ఆమె దాన్ని టీవీ రిమోట్‌లా పైకెత్తి తెర వైపు చూపించి నొక్కింది. ఏమీ జరగలేదు. ఇంకొంచెం దగ్గరికి జరిగి నొక్కింది. గోదారి పుస్తకంలో 'వాడుకరి అయోమయానికి లోనైంది' అని రాసుకుంది. మూడు సాఫ్ట్‌వేర్లలోనూ ఆమె అదే పని చేసింది కాబట్టి మూడింటికీ సమానంగా మార్కులు వేశాం. తర్వాత తెలుగు పరీక్ష. ఆ రోజుల్లో నెట్‌లో తెలుగు సరిగ్గా కనిపించడమే ఒక గండం. అక్షరాలకు బదులు డబ్బాలు వచ్చేవి, ఒత్తులు విరిగి పక్కకు పడేవి. "పెద్దమ్మా, నువ్వేదన్న ఒక మాట చెప్పు, గదే కొట్టి చూస్తం" అన్నాను. ఓనరమ్మ కిటికీలోంచి గుండు వైపు చూసి, "జర జల్ది చెయ్యుండ్రి బిడ్డా, గుండు మనకోసం ఆగదు" అంది.

గోదారి మొహం వెలిగిపోయింది. "భలే వాక్యమే ఏందీ! ల్ది ఉంది, య్యు ఉంది, ండ్రి ఉంది, డ్డా కూడా ఉంది. ఒత్తులన్నీ ఇందులోనే వచ్చేశాయ్!" అంది. నేనూ మెచ్చుకున్నాను. ఆ ఒక్క వాక్యాన్నే మూడింటిలోనూ కొట్టాం. డీసీఎం దాన్ని వరసగా ప్రశ్నార్థకాలు చేసి చూపించింది. ఓనరమ్మ వంగి చూసి, "గీ కొక్కేలేంది బిడ్డా, బట్టలు తగిలిచ్చుటానికా?" అని అడిగింది. సెవెన్ సీటర్‌లో ఒత్తులు విరిగి పక్కన నిలబడ్డాయి. ఆటోలో మాత్రం వాక్యం అచ్చు పుస్తకంలో ఉన్నట్టు వచ్చింది. అంటే ఆటో గెలిచినట్టే. కానీ ఓడిపోవడానికి మేమిద్దరం సిద్ధంగా లేము. నేను డీసీఎంలో ప్రశ్నార్థకాలు పోగొట్టడానికి, ఆమె సెవెన్ సీటర్‌లో ఒత్తులు అతికించడానికి దాదాపు నెలరోజులు పట్టుబట్టాం. ఆ వాక్యాన్ని వందలసార్లు కొట్టాం, చెరిపాం, పెద్దక్షరాల్లో పెట్టాం, చిన్నక్షరాల్లో పెట్టాం. "గుం... డు... ఆ... గ... దు... ఆఁ, వచ్చింది, వచ్చింది!" అని ఒకరికొకరు చదివి వినిపించుకున్నాం.

మధ్యలో ఒకసారి నేను, "ఫోటో తీసి పెట్టుకుందామే, కెమెరా ఉన్నది గదా" అన్నాను. అన్నానని చెప్పుకోవడం నా తృప్తి కోసమే. ఎందుకంటే గోదారి, "ముందే తీసి ఏం చేస్తాం? ఒక్కోదాంట్లో బొమ్మకు ఒక్కో కొలత ఉంటుంది. ఏ బండో ఖాయమయ్యాక ఆ కొలతకు తీద్దాం. అందాకా డమ్మీ బొమ్మ ఉంది కదా" అంటే, నాకు అది చాలా సబబుగా తోచింది. మా వృత్తిలో అంతే. ముందు సిస్టమ్, తర్వాత రంగులు, తర్వాత బటన్లు, అందులో పెట్టాల్సిన అసలు సరుకు అన్నిటికంటే చివర్లో. ఆటోలో 'మా గుండు' పేజీకి దానంతటదే వచ్చిన డమ్మీ బొమ్మ ఏదో చలిదేశపు కొండ. నిండా మంచు.

బతుకమ్మ పండుగకు కాస్త ముందు సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బొగ్గు రాక కరెంటు పోతూ వస్తూ ఉండేది. గుండు దగ్గర అప్పటికే డ్రిల్లింగ్ మిషన్ దింపారు. పేలుడు మందు రాలేదో, లారీలు కదల్లేదో, పనివాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోయారో, సమ్మె మొదలయ్యాక ఆ మిషన్ చప్పుడు కూడా ఆగింది. ఓనరమ్మ సంతోషానికి అంతులేదు. "సమ్మె ఉన్నన్ని దినాలు గుండుకు ఏం ఫికర్ లేదు. గీ లోపల పెట్టెయ్యుండ్రి బిడ్డా" అని రోజూ గుర్తు చేసేది. దేవుడిచ్చిన ఆ గడువులో మేమేం చేశామంటే, కరెంటు ఉన్నంతసేపూ పట్టిక ముందు పోట్లాడుకున్నాం, లేనప్పుడు మొహాలు తిప్పుకుని కూర్చున్నాం. ఒకరోజు గచ్చిబౌలి చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే భోజనాలు. మా ఆఫీసు బస్సు అక్కడే ఇరుక్కుంది. నేను దిగి జనంలో కలిసి ఆకు ముందు కూర్చున్నాను. ఆకలికి ఆగలేక గోదారి కూడా దిగి నా పక్కనే కూర్చుంది. నాకు ఆ క్షణంలో ఆమె మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. అంతలో ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "పులిహోరలో ఇంగువ తక్కువైందే" అంది. ఆ సాయంత్రం నేను సెవెన్ సీటర్‌కు భద్రత కింద సున్నా వేశాను.

సమ్మె ముగిసింది. నష్టపోయిన రోజులకు బదులు శనివారాలు మళ్ళీ మొదలయ్యాయి. అలాంటి మొదటి శనివారం పొద్దున్నే బట్టలు ఉతికి తీగ మీద ఆరేసి ఆఫీసుకు వెళ్ళాం. సాయంత్రం చీకటి పడకముందే తిరిగొచ్చి మెట్లెక్కేసరికి డాబా మీద ఏదో వెలుతురు ఎక్కువైనట్టు అనిపించింది. ఏమిటో మొదట అర్థం కాలేదు. ఎదురుగా అవతలి కాలనీ, దాని వెనక ఇంకో కాలనీ, నీళ్ళ ట్యాంకులు, అన్నీ కనిపిస్తున్నాయి. ఇన్నాళ్ళూ అవి కనిపించేవి కావు. మధ్యాహ్నం ఈల ఊది, ఎర్ర జెండా ఊపి, అందరినీ ఇళ్ళలోకి పొమ్మని, ఒక్క దెబ్బకు పేల్చేశారట. మా బట్టల మీద తెల్లటి దుమ్ము మందంగా పేరుకుని ఉంది. గోదారి తన చున్నీ తీసి అలవాటుగా ఒక్కసారి దులపబోయి, ఆగిపోయింది. నేనూ నా దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డాను. దులిపితే ఆ మిగిలింది కూడా పోతుందని ఇద్దరికీ ఒకేసారి తోచినట్టుంది. నాలుగు నెలల్లో మేం దేనికైనా ఏకాభిప్రాయానికి వచ్చింది అప్పుడే.

మర్నాడు పొద్దున ఓనరమ్మ పైకి వచ్చింది. తిడుతుందనుకున్నాం. తిడితే బాగుండేది. "మొన్న నా మాట కొట్టి చూపిచ్చిండ్రు గదా బిడ్డా కంప్యూటర్ల, మన గుండు పేజీల. గది జర తియ్యుండ్రి. నెట్టులనన్న ఉంటది గదా" అంది. వేరే దారి లేక గోదారి ఆటో సైటు తెరిచింది. మంచుకొండ వచ్చింది. ఓనరమ్మ కళ్ళు చికిలించి చూసింది.

"గిదేంది? గిది మన గుండు గాదు గదా. దీనికి సున్నం ఎవలు ఏసిండ్రు?"

"అది డమ్మీ అండీ మామ్మగారూ..." గోదారి మౌస్‌ను అటూ ఇటూ కదిపింది. "అంటే, ఊరికే... తర్వాత మారుద్దామని..."

"తర్వాతనా?" అంది ఓనరమ్మ. కాసేపు మంచుకొండ వైపే చూసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, "చాయ్ పెడ్త, కిందికి రాండ్రి" అని వెళ్ళిపోయింది.

ఆ రోజంతా కెమెరాలో, ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫోటోలన్నీ గాలించాం. గోదారి పుట్టినరోజుకు డాబా మీద తీసుకున్న ఫోటో ఒకటి దొరికింది. మేమిద్దరం మూతులకు కేకు పూసుకుని పళ్ళికిలిస్తున్నాం. వెనకాల, సరిగ్గా గుండు ఉండాల్సిన చోట, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నా దుప్పటి ఆరేసి ఉంది. పూల దుప్పటి. ప్రతి పువ్వూ స్పష్టంగా పడింది. గోదారి ఏడ్చింది. ఆమెను ఊరుకోబెట్టబోయి నేనూ ఏడ్చాను. డీసీఎం గురించి గానీ సెవెన్ సీటర్ గురించి గానీ ఆ తర్వాత మా గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఇది జరిగిన వారానికి, నీళ్ళ క్యాన్ తెచ్చుకోవడానికి కిందికి దిగుతుంటే వరండాలో ఓనరమ్మ ఫోన్‌లో మాట్లాడుతోంది. అవతల భివండిలో చెల్లెలని మాటలను బట్టి తెలిసింది. మెట్ల మీదే ఆగిపోయాను. "ఆఁ, ఉన్నది. ఏడికి పోతది? గట్లనే పండుకోని ఉన్నది మన బర్రె" అంటోంది. "పలగ్గొట్టుడా? ఎవలన్నరు నీకు? ఉత్తదే. పిల్లలు నెట్టుల పెడ్తున్నరే, పాపం మస్తు కష్టపడుతున్నరు. జర టైం పడతదట. నువ్వైతె మందులు ఏసుకో." ఫోన్ పెట్టేసి తలెత్తి నన్ను చూసింది. కొంగుతో ఫోన్ తుడిచి, "నీళ్ళకా బిడ్డా? పో, బండి వచ్చింది" అంది. ఆమె మమ్మల్ని కాపాడుతోందో, చెల్లెలిని కాపాడుతోందో, గుండునే ఇంకొన్నాళ్ళు బతికించుకుంటోందో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు. నీళ్ళ క్యాన్ మోసుకుంటూ పైకి ఎక్కుతుంటే మాత్రం నా జీవితంలో అంత బరువు ఎప్పుడూ మోయలేదనిపించింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. పుప్పాలగూడ గది వదిలి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళాం. విడగొట్టాక మెయిన్ పేజీ ఎవరిదని అంత గొంతు చించుకున్న గోదారి మియాపూర్‌లో ఇల్లు తీసుకుని ఇక్కడే స్థిరపడింది. ఇప్పుడు కూరగాయలవాడితో 'ఏందన్నా, జర తాజావి ఇయ్యి' అని నాకంటే గట్టిగా మాట్లాడుతుంది. గుండు ఉన్న చోట లేచిన అపార్ట్‌మెంట్ పక్క నుంచే నేను రోజూ ఆఫీసుకు వెళతాను. నన్నిప్పుడు అందరూ మేడమ్ అంటారు. మొన్న టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి, "మేడమ్, నాకొక పర్సనల్ వెబ్‌సైట్ కావాలి, బిగినర్స్‌కి ఏ సీఎమ్మెస్ బెటర్?" అని అడిగింది. చేతిలో ట్యాబ్ ఉంది, ట్యాబ్‌లో పోలిక పట్టిక ఉంది, పట్టికలో పదికి ఇన్ని మార్కులు కూడా ఉన్నాయి. "అందులో పెట్టాల్సింది ముందు తెచ్చుకో తల్లీ, తర్వాత ఏదైనా ఒకటే" అన్నాను. మేడమ్‌కు విషయం తెలియక దాటేస్తోందన్నట్టు చూసి, థాంక్స్ చెప్పి వెళ్ళింది.

ఆ అమ్మాయి వెళ్ళాక ఎందుకో ఫోన్‌లో ఆ మూడు సైట్ల పాత చిరునామాలు కొట్టి చూశాను. డీసీఎం సైటూ సెవెన్ సీటర్ సైటూ ఏనాడో పోయాయి. మేం చిన్నచూపు చూసిన ఆటో మాత్రం, ఎవరూ పట్టించుకోకపోయినా, ఇన్నేళ్ళుగా అలాగే నడుస్తోంది. పైన 'మీ సైటు పేరు ఇక్కడ రాయండి' అని ఉంది. కింద మంచుకొండ. ఆ కొండ కింద, ఇరవై మూడేళ్ళ ఇద్దరు తెలివైన పిల్లలు వందలసార్లు సరిచూసిన ఒకే ఒక్క వాక్యం: 'జర జల్ది చెయ్యుండ్రి బిడ్డా, గుండు మనకోసం ఆగదు.' అన్నిసార్లు కొట్టాం గానీ, ఆ వాక్యాన్ని నేను చదవడం అదే మొదటిసారి. ఆ పిల్లల మీద కోపం తెచ్చుకుందామని చూశాను, నవ్వే వచ్చింది, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పాత అలవాటు కొద్దీ తెరను పెద్దది చేసి ఒక్కో అక్షరమూ పరీక్షించాను. ఒత్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి.